కారులో ట్యాబ్ బిగించడం: తాళం తిప్పితే మేలుకుని, తీస్తే పడుకునేలా

కారులో ట్యాబ్లెట్ పెడుతున్నానంటే "బీపీదా, షుగర్‌దా?" అని అడిగింది మా అమ్మ. అందుకే ఇకనుంచి ట్యాబ్ అనే అంటాను.

మాది 2014 నాటి హ్యాచ్‌బ్యాక్. ఇంజిను ఇంకా రాయిలా ఉంది, స్టీరియో మాత్రం సీడీల కాలంలోనే ఆగిపోయింది. లాక్‌డౌన్‌లో పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ట్యాబ్ ఒకటి అల్మారాలో దుమ్ము కొట్టుకుంటోంది. ఈ రెండిటికీ ముడిపెడితే సరిపోతుంది కదా అనుకున్నాను. మొదటిసారి వేసిన ముడి తప్పు. ట్యాబ్‌ను డ్యాష్‌బోర్డుకు శాశ్వతంగా అతికించేశాను. మే నెల వచ్చేసరికి దాని వెనక మూత పూరీలా పొంగింది. రెండోసారి చేసింది మూడేళ్లుగా నడుస్తోంది. కింద రాసిందంతా ఆ రెండో పద్ధతే.

రెండోసారి పని మొదలుపెట్టే ముందు మూడు షరతులు పెట్టుకున్నాను. తాళం తిప్పగానే ట్యాబ్ తనంతట తాను మేలుకోవాలి. తాళం తీయగానే తనంతట తాను పడుకోవాలి. కారు దిగేటప్పుడు చేతికి ఊడి రావాలి. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. మన ఎండలకు మొదట చూడాల్సింది అదే.

బజారులో దొరికే ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించుకుంటే పోదా అంటే, పోతుంది. రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీది మీటలు, ఎఫ్ఎం అన్నీ కావాలంటే అదే తీసుకోండి, ఒక పూటలో పని అయిపోతుంది. ఇంట్లో మంచి ట్యాబ్ ఖాళీగా ఉన్నవాళ్లకు, రెండు ఆదివారాలు కారులో తల దూర్చి కూర్చోవడం ఇష్టమైనవాళ్లకు ఈ దారి.

ముందు ఎండ సంగతి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లకే ఆ గతి పడితే లిథియం బ్యాటరీ ఎంత? 2018లో అమెరికాలో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఎండలో నిలిపిన కార్లలో వేడి కొలిచారు. బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో, గంట గడిచేసరికి కారు లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. నీడలో పెట్టిన కార్లలో కూడా డ్యాష్‌బోర్డు 48 డిగ్రీల దాకా వెళ్లింది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 38 డిగ్రీలంటే ఆ రోజు కాస్త చల్లబడినట్టే.

ట్యాబ్‌లోని లిథియం బ్యాటరీని మామూలుగా 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. ఐప్యాడ్‌ను వాడకుండా పక్కన పెట్టేటప్పుడు కూడా 45 డిగ్రీలు మించిన చోట ఉంచొద్దని ఆపిల్ రాస్తుంది. మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు ఎక్కి, తాళం తిప్పి, 60 డిగ్రీల మీద ఉన్న ట్యాబ్‌కు చార్జింగ్ మొదలుపెట్టడం కంటే దానికి చేయగల అన్యాయం ఇంకోటి లేదు. నాది పొంగింది ఇలాగే.

"బ్యాటరీ పీకేసి నేరుగా కరెంటు ఇస్తే?" అని ఎలక్ట్రానిక్స్ తెలిసిన మిత్రుడెవరో తప్పకుండా అంటాడు. నేనూ ఆలోచించాను. బ్యాటరీ లేకుండా ట్యాబ్‌కు సుమారు 4 వోల్టులు నిలకడగా కావాలి. ఆన్ అయ్యే క్షణంలో రెండు మూడు యాంపులు ఒక్కసారిగా లాగుతుంది. బ్యాటరీ కొనలలో ఉష్ణోగ్రత చెప్పే తీగ కూడా ఉంటుంది, అది పలకకపోతే చాలా ట్యాబ్‌లు అసలు లేవవు. లేచినా, సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ కరెంటు ఒక్క క్షణం తెగుతుంది కాబట్టి ఆరిపోయి మళ్లీ మొదటినుంచి బూట్ అవుతుంది. మన షరతుల్లో మొదటిదే పోయింది. కాబట్టి బ్యాటరీ ఉండాలి, ట్యాబ్ మనతో పాటు దిగాలి. డ్యాష్‌బోర్డులో శాశ్వతంగా ఉండేవి చట్రం, వైరు మాత్రమే.

ట్యాబ్ ఎంపిక

కొత్తది కొంటున్నా, పాతది తీస్తున్నా ఈ నాలుగూ చూడండి. మొదటిది జీపీఎస్. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్లలో జీపీఎస్ ఉండదు, చవక ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు కొన్నిటిలోనూ ఉండదు. మ్యాప్స్ తెరిచి, వైఫై ఆపి, వీధిలో నాలుగడుగులు నడవండి. నీలిచుక్క మీతో నడవకపోతే ఆ ట్యాబ్ సినిమాలకే. రెండోది వెలుతురు: ఆరుబయట, పూర్తి బ్రైట్‌నెస్‌లో, ఎండకు వీపు పెట్టి చూడండి. చదవలేకపోతే కారులోనూ చదవలేరు. మూడోది చార్జింగ్ రంధ్రం ఎటుందన్నది. ట్యాబ్‌ను అడ్డంగా పెట్టినప్పుడు ఆ రంధ్రం గేర్ వైపో, పక్కకో రావాలి. పైకి వస్తే వైరు స్క్రీన్ మీదుగా వేలాడుతుంది. నాలుగోది సిమ్. సిమ్ పట్టే ట్యాబ్ అయితే ఫోన్ హాట్‌స్పాట్ తలనొప్పి మొత్తం తప్పుతుంది.

పరిమాణం దగ్గర చాలామంది పొరబడతారు. స్టీరియో తీసేస్తే కనిపించే కంత, దాన్నే 2-డిన్ అంటారు, 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు. 8.7 అంగుళాల గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్ కొలతలు 212.5, 124.7. అంటే ట్యాబ్ కంతలోకి పోదు, కంత ముందు నిలబడుతుంది. 7 అంగుళాల ట్యాబ్‌లు కూడా చుట్టూ ఉన్న అంచుల వల్ల 180 దాటిపోతాయి. కంతలో దూర్చాలని డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ కోసినవాళ్లను చూశాను. కారు అమ్మేటప్పుడు ఆ కోతకు ఎవరూ డబ్బులివ్వరు.

అట్టముక్కతో రెండు రోజులు

ట్యాబ్ సైజులో అట్ట కత్తిరించండి. కాగితం టేపుతో అనుకున్న చోట అంటించి రెండు రోజులు నడపండి. నవ్వులాట కాదు, నా డిజైన్ సగం మారింది ఇక్కడే. గేరు ఒకటిలో, మూడులో, ఐదులో పెట్టి వేళ్లు అట్టకు తగులుతున్నాయేమో చూడండి. హజార్డ్ లైట్ల బటన్ దాని వెనక్కి పోకూడదు. ఏసీ నాబ్‌లు చేతికి అందాలి. ఒక ఏసీ వెంట్ కాస్త మూసుకుపోయినా పరవాలేదు, చల్లగాలి ట్యాబ్ వీపుకు తగిలితే మంచిదే. రోడ్డు కనిపించే గీతకు పైన మాత్రం ఏమీ రాకూడదు.

పక్కసీటు ఎయిర్‌బ్యాగ్ మూత మీద, దాని దారిలో ఏదీ బిగించొద్దు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ఆ వస్తువు నేరుగా మీ ఇంట్లోవాళ్ల మొహం మీదికి వస్తుంది.

చట్టం మాటా ఇక్కడే. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం డ్రైవింగ్‌లో ఉండగా చేతి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవరు దృష్టి చెదరకుండా వాడాలి. బండి కదులుతుండగా డ్రైవరు ముందు వీడియో నడవడం ఏ లెక్కనా తగదు. దాన్ని ఆటోమేషన్‌లోనే ఎలా కట్టేయాలో కింద చెప్పాను.

కరెంటు: తొందరపడకూడని చోటు

సామాను: మల్టీమీటర్, ప్లాస్టిక్ ఓపెనర్లు, ఫ్యూజ్ ట్యాప్ (ఒక ఫ్యూజు గదిలోంచి రెండో దారి తీసే ముక్క), 3 యాంపుల ఫ్యూజు, 12 నుంచి 5 వోల్టులకు దించే 3 యాంపుల కన్వర్టర్, ఒక చదరపు మిల్లీమీటర్ కారు వైరు, రింగ్ టెర్మినల్ (వైరు కొసకు తొడిగే రంధ్రపు బిళ్ల), హీట్ ష్రింక్ స్లీవులు (వేడి తగిలితే ముడుచుకుని వైరును పట్టేసే గొట్టాలు), బట్టటేపు. హైదరాబాద్‌లో అయితే ఎలక్ట్రానిక్స్‌కు కోఠి గుజరాతీ గల్లీ, కారు సామానుకు రాణిగంజ్. విజయవాడ వాళ్లకు ఆటోనగర్ ఉండనే ఉంది.

కారులో ప్లస్ కరెంటు మూడు రకాలుగా వస్తుంది. ఒకటి ఎప్పుడూ ఉండేది, తాళం మీ జేబులో ఉన్నా సరే. రెండోది తాళం మొదటి మెట్టుకు తిప్పితే వచ్చేది, దాన్ని ఏసీసీ అంటారు. మూడోది ఇగ్నిషన్ ఆన్‌లో వచ్చేది. మనకు కావలసింది ఏసీసీ. మొదటిదానికి కలిపితే ఏమవుతుందో లెక్క వేసుకోండి: చిన్న కార్ల బ్యాటరీ మామూలుగా 35 యాంపియర్-అవర్లు. ఆగకుండా ఒక యాంపు లాగుతుంటే ఒకటిన్నర రోజుకు పూర్తిగా ఖాళీ. సెల్ఫ్ ఎత్తని స్థితి దానికి చాలా ముందే వస్తుంది.

బయట దొరికే స్టీరియోల వైరింగ్‌లో పసుపు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు ఏసీసీ, నలుపు ఎర్త్. కంపెనీ వైరింగ్‌లో మాత్రం ఒక్కో కారుది ఒక్కో రంగుల లోకం. రంగును నమ్మొద్దు, మీటర్‌ను నమ్మండి.

ఫ్యూజు పెట్టె తెరిచి, మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల తీగ కారు బాడీ ఇనుముకు, ఎర్ర తీగ సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు కాలికి ఆనించండి. తాళం తీసినప్పుడు సున్నా, మొదటి మెట్టులో 12 దరిదాపు, ఇంజిను నడుస్తుండగా 14 చూపిస్తే అదే మన ఫ్యూజు. దొరికింది కదా, ఇప్పుడు 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, కొన్ని నిమిషాలు ఆగి పని మొదలుపెట్టండి. పసుపు స్లీవు, పసుపు కప్లర్ కనిపించిందంటే అది ఎయిర్‌బ్యాగ్ వైరు. దాన్ని కదిలించొద్దు, మీటర్ పెట్టి చూడొద్దు.

సాకెట్ ఫ్యూజు తీసి, దాని స్థానంలో ఫ్యూజ్ ట్యాప్ గుచ్చండి. పాత ఫ్యూజు ట్యాప్ కింది గదిలోకి, మన 3 యాంపులది పై గదిలోకి వెళ్తాయి. 5 వోల్టుల దగ్గర 3 యాంపులంటే 15 వాట్లు, 12 వోల్టుల వైపు అది వృథాతో కలిపినా యాంపున్నర చిల్లరే. 3 యాంపులు ధారాళం. ట్యాప్ కొనేముందు పాత ఫ్యూజు ఒకటి జేబులో వేసుకెళ్లండి, వాటిలో సైజులు చాలా ఉన్నాయి.

ఎర్త్‌కు డ్యాష్‌బోర్డు కింద బాడీకి బిగించిన బోల్టు ఒకటి చూసుకుని, కింద పెయింటు గీకి, రింగ్ టెర్మినల్ బిగించండి. స్టీరియో వెనక ఉన్న నల్లవైరుకు మెలిపెట్టి టేపు చుట్టడం ఆటో ఎలక్ట్రీషియన్లకు అలవాటు. ఎండకు ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. కలిపిన ప్రతిచోటా టంకం లేదా క్రింపు (లోహపు తొడుగు నొక్కి బిగించడం), పైన స్లీవు ఉండాలి. ఏ వైరునూ కోయొద్దు.

కన్వర్టర్‌లో మరతో వోల్టేజి సరిచేసే రకం చవగ్గా దొరుకుతుంది. అదే కొంటే ట్యాబ్ తగిలించకముందే మీటర్ పెట్టి 5.1 దగ్గర నిలబెట్టండి, మర మీద చుక్క జిగురు వేయండి. గతుకులకు అది దానంతటదే తిరిగితే ట్యాబ్‌కు 9 వోల్టులు వెళ్తాయి. నా సలహా మాత్రం, పూర్తిగా రబ్బరులో పోతపోసిన కార్ల రకం. కాస్త ఖరీదు, గొడవ ఉండదు.

ఈ కన్వర్టర్‌ను ఫ్యూజు పెట్టె దగ్గర కాదు, ట్యాబ్‌కు దగ్గరగా పెట్టండి. కారణం చిన్న లెక్కలో ఉంది. చవక యూఎస్‌బీ వైరులో 28 గేజి తీగ ఉంటుంది, మీటరుకు 0.21 ఓములు. 2 మీటర్ల వైరంటే పోనూ రానూ 4 మీటర్లు, అంటే 0.85 ఓములు. 2 యాంపులు పారితే 1.7 వోల్టులు దారిలోనే ఆవిరి, 5 బయలుదేరితే 3.3 చేరుతుంది. "చార్జింగ్ అని చూపిస్తుంది కానీ శాతం తగ్గుతోంది" అని మొరపెట్టుకునేవాళ్లలో ఎక్కువమంది జబ్బు ఇదే. 12 వోల్టులను ఎంత దూరమైనా లాగండి, 5 వోల్టుల దారి మాత్రం మూర దాటనివ్వొద్దు.

మిగిలినవాళ్ల జబ్బు డేటా పిన్నులు. యూఎస్‌బీలో మధ్య రెండు డేటా తీగలు ఒకదానికొకటి కలిసి ఉంటేనే ట్యాబ్ దాన్ని చార్జర్‌గా గుర్తిస్తుంది. కలవకపోతే కంప్యూటర్ అనుకుని అర యాంపుతో సరిపెట్టుకుంటుంది. కన్వర్టర్‌కు కంపెనీ యూఎస్‌బీ సాకెట్ ఉంటే ఇది లోపలే చేసి ఉంటుంది. మీరే వైరు కడితే ఆకుపచ్చ, తెలుపు తీగలు కలిపేయండి.

ఫాస్ట్ చార్జింగ్ మోజు వద్దు. అది వేడిని కొనితెచ్చుకోవడమే. మ్యాప్, పాట, స్క్రీన్ అన్నీ నడుస్తూ శాతం తగ్గకుండా నిలబడితే చాలు.

చట్రం

కంతకు సరిపోయే 2-డిన్ ఫ్రేమ్ బజారులో దొరుకుతుంది. దానికి ముందువైపు 3 మిల్లీమీటర్ల ఏబీఎస్ ప్లాస్టిక్ పలకో, యాక్రిలిక్ పలకో స్క్రూలతో బిగించి, ఆ పలక మీద ట్యాబ్ ఆనేలా కింద ఒక గట్టు, రెండు పక్కలా చిన్న కొక్కేలు పెట్టాను. పైనుంచి జార్చితే కూర్చుంటుంది, పైకి లాగితే వస్తుంది. పలకలో గాలికి పెద్ద కంతలు వదిలాను.

3డీ ప్రింట్ చేయించేవాళ్లు ఏ ప్లాస్టిక్ అని తప్పక అడగండి. షాపులో అందరూ మొదట చూపించే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఏబీఎస్, ఏఎస్ఏ అయితే నిలబడతాయి. పీఈటీజీ వాటి తర్వాత. డబుల్ సైడ్ టేపు మీద మాత్రమే బరువు మోపొద్దు, ఏప్రిల్ దాకా కాచి మేలో కాడి వదిలేస్తుంది.

అయస్కాంతాలు బాగుంటాయి, కానీ ఒక మెలిక ఉంది. ఫ్లిప్ కవర్ మూస్తే స్క్రీన్ ఆరిపోయే ట్యాబ్‌లలో ఒక అంచున అయస్కాంతాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటుంది. మీ అయస్కాంతం సరిగ్గా అక్కడ పడితే ట్యాబ్ ఎంత లేపినా కళ్లు తెరవదు. ముందు చిన్న అయస్కాంతాన్ని ట్యాబ్ వీపంతా తిప్పి చూసి, స్క్రీన్ ఆరిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

ప్లాస్టిక్ ప్లాస్టిక్‌ను తాకే ప్రతిచోటా ఫెల్ట్ టేపు వేయండి. లేకపోతే మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గరే చిడతలు మొదలవుతాయి. ట్యాబ్‌కు ఎల్ ఆకారపు టైప్-సీ పిన్ను వాడితే వైరు పక్కకు పొడుచుకు రాదు.

పాట ఎలా వినిపించాలి

పాత స్టీరియో ఉంచే చోటుంటే ఉంచండి, ట్యాబ్‌ను బ్లూటూత్‌తోనో, ఇయర్‌ఫోన్ రంధ్రంలో గుచ్చే ఆక్స్ వైరుతోనో కలపండి. నా కారులో కంత ఒక్కటే కాబట్టి స్టీరియో తీసేసి, ఆ ఖాళీలో నాలుగు చానెళ్ల చిన్న ఆంప్లిఫయర్ కూర్చోబెట్టాను. ఇందులో గుర్తుంచుకోవలసిందల్లా, కారు స్పీకర్ల మైనస్ తీగలు ఎర్త్ కావు. వాటిని ఒకదానికొకటి కలిపినా, బాడీకి కలిపినా ఆంప్లిఫయర్ కాలిపోతుంది. ఆంప్లిఫయర్ కరెంటును ట్యాబ్ ఫ్యూజు మీదుగా లాగొద్దు, దానికి స్టీరియో పాత వైర్లే ఉన్నాయి.

ఆక్స్ వైరు పెడితే ఎక్సలేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లలో దోమ ఈలలాంటి శబ్దం రావచ్చు. ట్యాబ్ చార్జింగ్ ఎర్త్, ఆంప్లిఫయర్ ఎర్త్ రెండు దారులుగా కలవడం వల్ల వచ్చే రోత అది. రెండిటినీ ఒకే బోల్టు దగ్గరికి తెండి. అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా ఆక్స్ మధ్యలో పెడితే పోతుంది.

రివర్స్ కెమెరా జోలికి నేను వెళ్లలేదు. యూఎస్‌బీ కెమెరా పెడితే చాలా ట్యాబ్‌లు అదే రంధ్రంతో చార్జ్ కావు, వైఫై కెమెరా బొమ్మ ఆలస్యంగా వస్తుంది. వెనక గోడ తగిలాక బొమ్మ చూపించే కెమెరా ఎందుకు?

ఆటోమేషన్

ఇక అసలు సరదా. టాస్కర్, మాక్రోడ్రాయిడ్ అనే యాప్‌లు రెండూ ఈ పని చేస్తాయి. టాస్కర్‌తో ఏదైనా చేయొచ్చు, కానీ అది నేర్చుకోవడమే ఒక పని. మాక్రోడ్రాయిడ్ ఉచితంగా 5 మాక్రోలు రాసుకోనిస్తుంది. మాక్రో అంటే "ఇది జరిగితే (దీన్నే ట్రిగ్గర్ అంటారు) అది చెయ్యి" అనే ఆదేశం. మనకు నాలుగు చాలు.

మొదట ట్యాబ్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, కారు కోసమే ఒక కొత్త గూగుల్ ఖాతా పెట్టండి. మీ అసలు మెయిలు, బ్యాంకు యాప్‌లు, వాట్సాప్ ఇందులో ఉండకూడదు, ఎందుకంటే స్క్రీన్ లాక్ తీసేయబోతున్నాం. పిన్ ఉంటే తాళం తిప్పగానే మేలుకున్నా అడుక్కుంటూ నిలబడుతుంది.

తర్వాత సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు కొడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో "స్టే అవేక్" ఆన్ చేస్తే చార్జింగ్‌లో ఉన్నంతసేపు స్క్రీన్ ఆరదు. సగం ఆటోమేషన్ ఈ ఒక్క మీటతో అయిపోయినట్టే. శామ్‌సంగ్ ట్యాబ్‌లలో "ప్రొటెక్ట్ బ్యాటరీ" ఉంటే అదీ ఆన్ చేయండి, చార్జింగ్ నిండుగా కాకుండా ముందే ఆగుతుంది.

మాక్రోడ్రాయిడ్‌కు మూడు అనుమతులు ఇవ్వాలి. బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి మినహాయింపు లేకపోతే రాత్రికి రాత్రి సిస్టమ్ దాని గొంతు నొక్కేస్తుంది. ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతి లేకపోతే ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి వాటిలో అది వేరే యాప్‌ను తెరవలేదు. యాక్సెసిబిలిటీ అనుమతి లేకపోతే స్క్రీన్ ఆర్పలేదు.

మొదటి మాక్రో, మేలుకొలుపు. ట్రిగ్గర్: పవర్ కనెక్టెడ్. చర్యలు వరసగా: 3 సెకన్లు ఆగు, స్క్రీన్ వెలిగించు, బ్యాటరీ సేవర్ ఆపు, మీడియా శబ్దం 60 శాతం పెట్టు, కారు లాంచర్ తెరువు, పాట ప్లే నొక్కు. లాంచర్ అంటే హోమ్ స్క్రీన్ యాప్, కార్‌వెబ్‌గురు లాంటివి పెద్ద పెద్ద బటన్లతో దొరుకుతాయి. ఫోన్‌లోని ఆండ్రాయిడ్ ఆటోనే, అంటే కారు తెర కోసం గూగుల్ చేసిన యాప్‌నే, ట్యాబ్ మీద చూడాలనుకుంటే హెడ్‌యూనిట్ రీలోడెడ్ అనే యాప్ ఉంది. అది వాడితే ట్యాబ్‌లో మ్యాప్స్, సిమ్ ఏవీ అక్కర్లేదు. డబ్బులిచ్చి కొనాలి, ముందు ట్రయల్‌తో మీ ఫోన్‌కు పడుతుందో లేదో చూసుకోండి.

బ్యాటరీ సేవర్ మార్చడానికి కంప్యూటర్‌కు ట్యాబ్ తగిలించి, ఏడీబీ (కంప్యూటర్ నుంచి ట్యాబ్‌కు ఆదేశాలు పంపే సాధనం) ద్వారా ఒకసారి రైట్ సెక్యూర్ సెట్టింగ్స్ అనే అనుమతి ఇవ్వాలి. ఆ ఆదేశాన్ని యాప్ తనే తెర మీద చూపిస్తుంది. అంత ఓపిక లేకపోతే ఈ చర్య వదిలేయండి, కొంప మునగదు.

రెండో మాక్రో, జోలపాట. ట్రిగ్గర్: పవర్ డిస్‌కనెక్టెడ్. చర్య: స్క్రీన్ ఆర్పు, పాట ఆపు. ఇంతే కదా అని నేనూ ఇంతే రాశాను. మర్నాడు పొద్దున తాళం మొదటి మెట్టుకు తిప్పగానే ట్యాబ్ లేచింది, పాట అందుకుంది, సెల్ఫ్ కొట్టగానే చచ్చినట్టు ఆరిపోయింది. కారణం, సెల్ఫ్ మోటారుకు బ్యాటరీ శక్తంతా కావాలి కాబట్టి కారు ఆ రెండు సెకన్లు ఏసీసీని తనే తెంపేస్తుంది. ట్యాబ్ దృష్టిలో అది తాళం తీసినట్టే. మందు: పవర్ పోగానే పాట ఆపు, 30 సెకన్లు ఆగు, అప్పటికీ పవర్ రాలేదా అని అడుగు, రాకపోతేనే స్క్రీన్ ఆర్పు. ఇంకో 10 నిమిషాలు ఆగి మళ్లీ అడిగి, బ్యాటరీ సేవర్ ఆన్ చెయ్యి. సెల్ఫ్ తర్వాత కరెంటు తిరిగి రాగానే మొదటి మాక్రో మళ్లీ నడుస్తుంది, పాట ఆగినచోటనే అందుకుంటుంది. పెట్రోలు బంకులో తాళం తీసినా ఇదే లెక్క సరిపోతుంది. ట్యాబ్‌ను చట్రంలోంచి ఊడదీసినా పవర్ పోతుంది కాబట్టి మూడో షరతుకు వేరే మాక్రో అక్కర్లేదు.

ట్యాబ్‌ను పూర్తిగా ఆఫ్ చేసి, కరెంటు రాగానే తనే బూట్ అయ్యేలా చేయొచ్చు. పాత నెక్సస్ ట్యాబ్‌లలో ఫాస్ట్‌బూట్ అనే మోడ్‌లో ఒక్క ఆదేశంతో అయ్యేది. మిగతావాటికి రూట్ చేసి, అంటే సిస్టమ్ తాళాలు తీసి, సిస్టమ్ ఫైలు మార్చాలి. ఎందుకు? పడుకున్న ట్యాబ్ రాత్రంతా కలిపి రెండు మూడు శాతం తింటుంది. బూట్ అయ్యేసరికి మీరు కాలనీ గేటు దాటేసి ఉంటారు.

మూడో మాక్రో, వేడి. ట్రిగ్గర్: బ్యాటరీ ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటడం. చర్య: బ్రైట్‌నెస్ సగానికి తగ్గించు, "ట్యాబ్ వేడెక్కింది, వైరు తీయండి" అని గొంతుతో చెప్పు. తెలుగు వాయిస్ వేసుకుంటే తెలుగులోనే చెబుతుంది. మా పిల్లలు దానికి "ట్యాబ్ అత్తయ్య" అని పేరు పెట్టారు.

నాలుగోది వెలుతురు. సూర్యోదయం, సూర్యాస్తమయాలను ట్రిగ్గర్లుగా పెట్టి పగలు నిండా, రాత్రి 15 శాతానికి. ట్యాబ్ తనంతట తాను వెలుతురు సర్దుకునే పద్ధతి కారులో పనికిరాదు. వీధి దీపం దాటిన ప్రతిసారీ కన్ను కొడుతుంది.

వీడియో కట్టడి. కారు లాంచర్లలో చాలావాటిలో మీరు ఎంచిన యాప్‌లు మాత్రమే కనిపిస్తాయి, యూట్యూబ్‌ను అందులో పెట్టకపోవడం మొదటి మెట్టు. అది చాలదనుకునేవాళ్లు టాస్కర్‌లో జీపీఎస్ వేగం చూసి, బండి కదులుతుంటే వీడియో యాప్ తెరిచిన వెంటనే హోమ్‌కు తోసేసేలా రాసుకోవచ్చు. నేను యాప్‌నే డిసేబుల్ చేసి చేతులు దులుపుకున్నాను.

ఆఫ్‌లైన్ మ్యాపులు దించుకోవడం మరిచిపోవద్దు. శ్రీశైలం వెళ్తూ నల్లమలలోకి దిగాక, మారేడుమిల్లి ఘాట్‌లో, సిగ్నల్ దేవుడికే ఎరుక. జీపీఎస్‌కు సిమ్ అక్కర్లేదు, మ్యాపు ట్యాబ్‌లో ఉంటే చాలు.

ఆసక్తి ఉంటే ఇంజిను వివరాలు కూడా తెర మీదికి తెచ్చుకోవచ్చు. స్టీరింగ్ కింద మెకానిక్ స్కానర్ గుచ్చే 16 పిన్నుల ఓబీడీ పోర్టులో ఈఎల్ఎం327 అనే బ్లూటూత్ ముక్క గుచ్చి, టార్క్ యాప్ తెరిస్తే కూలెంట్ వేడి, బ్యాటరీ వోల్టేజి కనిపిస్తాయి. ఆ పోర్టు 16వ పిన్నులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, తాళంతో సంబంధం లేదు. ఊరెళ్లేటప్పుడు ఆ ముక్క పీకి డ్యాష్‌బోర్డు అరలో వేసి వెళ్లండి.

మొదటి వారం

పని అయిన రోజు రాత్రి తాళం తీసి, తలుపులు మూసి, అరగంట ఆగండి. బ్యాటరీ నెగటివ్ తీసి, మీటర్‌ను 10 యాంపుల రంధ్రంలోకి మార్చి, తీగకూ బ్యాటరీకీ మధ్య పెట్టండి. 50 మిల్లీ యాంపుల లోపు ఉంటే ఏమీ కారడం లేదు. ఎక్కువ ఉంటే మన ఫ్యూజు తీసి చూడండి. అది తీయగానే తగ్గితే మీరు పట్టుకున్నది ఏసీసీ కాదు. మీటర్ ఇలా ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ కాలిపోతుంది.

మరుసటి రోజు అరగంట నడిపాక కన్వర్టర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉండొచ్చు, చెయ్యి అంటించలేనంత వేడిగా ఉంటే దాన్ని ఇనుప పలకకు బిగించండి. గతుకుల రోడ్డు మీద ఒక రౌండు వేసి ఏ మూల గలగలమంటోందో పక్కసీటులో ఉన్నవాళ్లను వినమనండి, డ్రైవరు చెవికి అది ఎప్పుడూ వేరే చోటినుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది.

తీసేసిన స్టీరియో, దాని కప్లర్లు, స్క్రూలు, సాకెట్ ఫ్యూజు నంబరు రాసిన చీటీ, అన్నీ ఒక అట్టపెట్టెలో వేసి పెట్టండి. వారంటీ ఉన్న కారైతే సర్వీసుకు ఇచ్చే ముందు రోజు ఫ్యూజ్ ట్యాప్ పీకి పాత ఫ్యూజు పెట్టేయాలి, కోసిన వైరు లేదు కాబట్టి పది నిమిషాల పని. నా పెట్టె మంచం కింద ఉంది, పొంగిపోయిన మొదటి ట్యాబ్ మాత్రం అందులో లేదు. దాన్ని ఆ రోజే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేశాను. పొంగిన బ్యాటరీని ఇంట్లో దాచడం గానీ, చెత్తబుట్టలో పడేయడం గానీ, సూదితో గుచ్చి గాలి తీయాలని చూడడం గానీ చేయొద్దు.